ఆంగ్లేయుల పట్టణములు – చెన్నపట్టణపు తెలుగువారు

ఇంగ్లండు చరిత్రను చదువునప్పుడు రాజుల పేరులును, యుద్ధములు జరిగిన సంవత్సరములును మన విద్యార్థులకు కంఠస్థమగుచున్నవి. కాని ఆ రాజుల కాలమున సామాన్యులైన పట్టణవాసులు ఏ యిండ్లలో కాపురముండిరి, ఏ వృత్తిచే బ్రతికిరి, ఎవరికి పన్ను కట్టిరి అను విషయము పాఠ్యపుస్తకములలో రెండు మూడు పంక్తులకు మించి కనబడదు. ఒకనాడు తరగతిలో ఈ ప్రస్తావన వచ్చినప్పుడు ఒక విద్యార్థి లేచి, "అయ్యా, మనము ఇంటిలో తెలుగు, అంగడిలో తమిళము మాట్లాడుచున్నాము గదా, ఇంగ్లండు పట్టణములలో ఇట్టివారు ఉండిరా?" అని యడిగెను. ప్రశ్న చిన్నదే యైనను జవాబు చిన్నది కాదు. ఉండిరి. అంతియే కాదు, ఆంగ్లేయులు మన తీరమున కట్టించిన మొదటి పెద్ద పట్టణములో మన తెలుగువారే అట్టివారుగా నుండిరి. ఈ రెండు కథలను కలిపి చెప్పుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మొదట ఇంగ్లండు సంగతి. 16వ శతాబ్దిలో అక్కడ పట్టణమని పేరొందినవి చాలవరకు మన లెక్కకు పెద్ద గ్రామములే. లండను ఒక్కటే మహానగరము. 1600 ప్రాంతమున అందు సుమారు 2 లక్షల జనముండిరి. మరి నూరేండ్లకు ఆ సంఖ్య 5 లక్షలు దాటెను. దాని తరువాత చెప్పదగిన నారిచ్ పట్టణములో (వ్రాతలో నడుమ నున్న డబ్ల్యు అక్షరము పలుకుటలో లోపించునని విద్యార్థులు గుర్తింపవలెను) 15 వేలమందియే యుండిరి. ఇండ్లు కొయ్యచట్రములతో కట్టినవి, అనేకములకు గడ్డికప్పు. వీథులు ఇరుకు. నిప్పంటుకొన్నచో ఆపువాడు లేడు. 1666 సెప్టెంబరులో లండను నగరమున ఒక రొట్టెలవాని యింట పుట్టిన అగ్ని నాలుగు దినములలో 13 వేల యిండ్లను బూడిద చేసెను. దానికి ముందటి సంవత్సరముననే మహామారి వచ్చి ఆ నగరమును సగము శ్మశానముగా మార్చియుండెను.

ఇట్టి పట్టణములో నివసించినంత మాత్రమున ఎవడును పట్టణపు హక్కుదారు కాజాలడు. వృత్తిసంఘములో చేరవలెను. చేరుటకు బాలుడు ఒక ఒజ్జ యింట ఏడేండ్లు శిష్యరికము చేయవలెను. ఈ నియమమును 1563లో శాసనముగనే చేసిరి. ఆ యేడేండ్లు ఒజ్జ పెట్టినది తిని, ఒజ్జ చెప్పినచోట పండుకొని, పెండ్లి మాట తలపెట్టక పని నేర్వవలెను. నేర్చినవాడు హక్కుదారు; అంగడి పెట్టవచ్చును, ఎన్నికలో మాట చెప్పవచ్చును. పట్టణమునకు మేయరు, ఆయనకు తోడు ఆల్డర్మన్ అనబడు పెద్దలు ఉందురు. వీరందరు ధనికులైన వర్తకులే. కూలివారికి, స్త్రీలకు, పరదేశులకు ఈ హక్కులలో భాగము లేదు. భర్త మరణించిన స్త్రీ మాత్రము కొన్నిచోట్ల భర్త వృత్తిని నడుపుకొనుచుండెను. 1570లో నారిచ్ పెద్దలు తమ పట్టణములోని పేదలను ఇల్లిల్లు తిరిగి లెక్కించిరి. 2 వేలకు పైగా తేలిరి. ఎవరి వయస్సెంత, ఏ పని చేయుదురు, యింటిలో తిండి యున్నదా అను వివరములన్నియు ఆ లెక్కలో వ్రాసిరి. ముసలివారు సైతము ఊలు వడకుచున్నట్లు, చిన్న పిల్లలు సైతము పని చేయుచున్నట్లు అందు కనబడుచున్నది. పేదల సంగతి తెలిసికొనవలెనన్న తలంపు మెచ్చదగినదే; కాని లెక్క ముగిసిన పిదప బిచ్చమెత్తువారిని కొట్టి తరుముటయు ఆ పెద్దలే చేసిరి.

ఇక ఆ విద్యార్థి ప్రశ్నకు వత్తము. ఆ కాలమున నారిచ్ నేతవారు నేయు ఊలుబట్టలకు గిరాకి పడిపోయెను. సముద్రమున కావలి యొడ్డున, నేడు బెల్జియము, హాలెండు అనబడు దేశములలో, తేలికయైన క్రొత్త రకపు బట్టలు నేయువారుండిరి. వారు స్పెయిను రాజు పాలనలో మతహింసకు లోనై యుండిరి. నారిచ్ పెద్దలు ఆలోచించి, ఎలిజబెత్ రాణి అనుమతిని పొంది, 1565లో 30 కుటుంబములను పిలిపించిరి. అందు 24 డచ్చివారివి, 6 ఫ్రెంచి మాట్లాడు వాలూనులవి. ముప్పదియే యని తలుపు తెరచిరి గాని, వచ్చువారు వచ్చుచునే యుండిరి. 1579 నాటికి ఆ పట్టణములోని 16 వేల జనములో 6 వేలమంది పరదేశులే! అనగా ముగ్గురిలో ఒకరికంటె నెక్కువ.

వీరిని ఆ యూరివారు 'అపరిచితులు' అనియే పిలిచిరి. వారు పగ్గములు పెట్టక పోలేదు. నేసిన బట్టను ముద్రవేయించుకొనక అమ్మరాదు. చిల్లర అంగడి పెట్టరాదు. రాత్రి గంట కొట్టిన పిదప వీథిలో తిరుగరాదు. 1570లో వీరిని వెడలగొట్టుటకు కొందరు కుట్ర పన్నగా, రాణి ప్రభుత్వము కుట్రదారులను పట్టి, నాయకులకు మరణదండన విధించెను. అయినను వారి గుడిలో వారి భాషయే మ్రోగెను. తగవులు తీర్చుటకు వారిలో వారే పెద్దలను ఎన్నుకొనిరి. నారిచ్ పట్టణమున తొలి ముద్రణాలయమును పెట్టినవాడును వారిలో ఒకడే. పట్టణపు నేత మరల తలయెత్తెను. వారు తెచ్చుకొన్న పంజరపు పసుపుపచ్చ పిట్టలు (కెనరీలు) ఆ యూరికి ఎంతగా అంటుకొనిపోయినవనగా, నేటికిని ఆ యూరి ఫుట్‌బాల్ జట్టును ఆ పిట్ట పేరుతోనే పిలుచుచున్నారు.

తలుపు తెరచినవారు దయచే తెరవలేదు, మగ్గము కొరకు తెరచిరి. ఈ మాటను మనస్సున నుంచుకొని మన తీరమునకు రావలెను. 1600లో ఈస్టిండియా కంపెనీని స్థాపించినవారు లండను పట్టణపు వర్తకులే. పైని చెప్పిన మేయరులు, ఆల్డర్మనులు, వృత్తిసంఘములు వారి కండ్ల ముందర నున్నవి. 1611లో వారు మచిలీపట్టణమున కోఠీ పెట్టిరి. వారికి కావలసినది మన బట్ట. చిరివేరుతో ఎఱ్ఱరంగు దించి, కలముతో పూవులు తీర్చిన బట్టలను జావా, సుమత్రా దీవులలో ఇచ్చి, బదులు మిరియములు తెచ్చుకొనుచుండిరి. ఆ బట్ట చవుకగా దొరకుచోటును వెదకుచు ఫ్రాన్సిస్ డే అను ఉద్యోగి దక్షిణముగా వచ్చి, 1639 ఆగస్టులో దామెర్ల వెంకటాద్రి నాయకుని నుండి ఒక యిసుక తీరమును పొందెను. దామెర్లవారు తెలుగు ప్రభువులు. చంద్రగిరి నుండి ఏలుచుండిన విజయనగర రాజునకు లోబడినవారు. వెంకటాద్రి తండ్రియైన చెన్నప్ప నాయకుని పేరుమీదుగనే ఆ యూరికి చెన్నపట్టణమను పేరు వచ్చెనని చెప్పుదురు.

ఆ స్థలమును చూచి నవ్వినవారుండిరి. రేవు లేదు. ఓడలు దూరమున నిలువవలెను. పలకలను కొబ్బరిపీచుత్రాటితో కుట్టిన మసూలా పడవలలో అలలమీద ఎగిరెగిరి పడుచు సరకులు ఒడ్డు చేరవలెను. మంచినీరు సైతము సమృద్ధిగా లేదు. అయినను ఫ్రాన్సిస్ డే ఒక తెలివైన పని చేసెను. ఊరిలో కాపురమునకు వచ్చువారు తిను, త్రాగు, కట్టు వస్తువులపై 30 ఏండ్లు సుంకము లేదని చాటించెను. ఏడాది తిరుగకమున్నే మూడు నాలుగు వందల నేతవారి, అద్దకపువారి కుటుంబములు అచ్చట గుడిసెలు వేసికొనెను. నారిచ్ పెద్దలు 30 కుటుంబములను పిలిచిన ఉపాయమే యిదియు.

ఆ విధముగా రెండు ఊళ్లు ఒకదాని ప్రక్క నొకటి పెరిగెను. కోటను ఆనుకొని తెల్లవారి పట్టణము. దానికి ఉత్తరమున, నేడు హైకోర్టు ఉన్న దిక్కున, నల్లవారి పట్టణము. 1673లో చెన్నపట్టణమును చూచిన జాన్ ఫ్రైయర్ అను వైద్యుడు, ఆంగ్లేయులు 300 మంది, పోర్చుగీసువారు 3 వేలు, మిగిలిన దేశీయులు 30 వేలు అని అంచనా వేసెను. ఆ 300 మంది నోట మూడు నాలుగు భాషలు ఎంతవరకు ఆడెనో చెప్పలేము గాని, కంపెనీవారి ఇల్లు నడచినది దుబాసీల నోటితో, కనకపిళ్లల కలముతో. తెలుగును ఆంగ్లేయులు ఆ కాలమున 'జెంటూ' అని పిలుచుచుండిరి. మన భాషకు పరాయివారు పెట్టిన ఈ పేరు ఏ మూలనుండి వచ్చెనో విద్యార్థులు నిఘంటువులో చూడవచ్చును, అది పోర్చుగీసుమాట.

ఇప్పుడు బట్ట ఎట్లు పుట్టుచుండెనో చెప్పవలెను, ఏలయన ఆ యూరి సమాజమంతయు ఈ దారముననే కూర్పబడియున్నది. ఓడ వచ్చుటకు అనేక మాసములు ముందుగనే కంపెనీ వర్తకునికి సొమ్ము బయానా ఇచ్చును. వర్తకుడు చిన్న వర్తకులకు, వారు నేతవానికి ఇత్తురు. నేతవాడు ఆ సొమ్ముతో నూలు కొనును, కడుపు నింపుకొనును. బట్ట చాకలివాని చలువకును, అద్దకపువాని రంగునకును పోయి, చివరకు కోటలో నమూనాతో సరిచూడబడును. అచ్చట 'తక్కువ తరము' అని త్రోసివేసినచో నష్టము మెట్టుమెట్టుగా దిగి నేతవాని నెత్తిన కూర్చుండును. 1646–47లలో ఘోరమైన క్షామము వచ్చినప్పుడు ముందుగా కూలినవి ఈ మగ్గములే. ఆకలికి తాళలేక తమను తామే అమ్ముకొన్నవారుండిరి. బానిసల అమ్మకములను పట్టణపు చావడిలో నమోదు చేయుచుండిరి. 1688లో దీనిని నిషేధించుచు ఉత్తరువు వచ్చెను. చెన్నపట్టణపు వైభవమును చెప్పు పుస్తకములలో ఈ చావడి లెక్కలకు చోటు దొరకుట అరుదు.

పై మెట్టున ఉన్న వర్తకుల మాట వేరు. బేరి తిమ్మన్న, కాశీ వీరన్న అను ఇద్దరు తెలుగు వర్తకులు కంపెనీ వ్యాపారమును చాలకాలము తమ చేతిలో నుంచుకొనిరి. చెన్నకేశవ పెరుమాళ్ల గుడితో తిమ్మన్న పేరు ముడిపడియున్నది. వీరన్న కొందరు వర్తకులను చేర్చి, పాళ్లు వేసికొని వ్యాపారము సాగించెను. 1680లో వీరన్న మరణించినప్పుడు కోటలో ఫిరంగులు పేల్చి గౌరవించిరి. తోటి దొరకు చేయు మర్యాదయే అది. పట్టణమును కాపాడు భారము 'పెద్దనాయకుడు' అను వంశపారంపర్య కావలిదారునిది. ఆయన క్రింద తలారులు. దొంగతనము జరిగి సొత్తు దొరకనిచో పెద్దనాయకుడే ఆ నష్టమును పూడ్చవలెను. ఇందులకు ప్రతిఫలముగా ఆయనకు పొలములును, ఊరిలోనికి వచ్చు ధాన్యము, చేపలు మొదలగు వానిపై చిన్న రుసుములును ఉండెను. నేటికిని చెన్నపట్టణములో పెద్దనాయకనపేట యను పేట కలదు. ఆ పేరు ఈ తెలుగు ఉద్యోగము నుండియే వచ్చినది.

ఇక జనులకును కోటకును వచ్చిన తగవు. 30 ఏండ్ల సుంకపు మినహాయింపు గడచిపోయెను. నల్లవారి పట్టణమునకు గోడ కట్టవలెననియు, దాని వ్యయమును ఊరివారే భరింపవలెననియు కంపెనీ పట్టుబట్టెను. 1686 జనవరిలో కులపెద్దలు కూడి 'ఇయ్యము' అనిరి. అంగళ్లు మూతబడెను, ఊరిలోనికి తిండిగింజలు రాక ఆగెను. గవర్నరు గిఫర్డ్, పెద్దలను ఊరినుండి వెడలగొట్టెదమని బెదరించి అప్పటికి అంగళ్లు తెరపించెను. గెలిచినది కోటయే. కాని ఈ గెలుపు లండనులోని కంపెనీ పెద్దయైన జోసయ్యా చైల్డ్‌ను తృప్తిపరచలేదు. బెదరించి రాబట్టిన పన్ను ఎంతకాలము వచ్చును? ఊరివారే తమపై పన్ను వేసికొన్నట్లు కనబడినచో సణుగక ఇత్తురని ఆయన ఆలోచించెను. ఆ యాలోచనయే చెన్నపట్టణపు కార్పొరేషను పుట్టుకకు మూలము. 1687 డిసెంబరు 30న అధికారపత్రము వెలువడెను. 1688 సెప్టెంబరు 29న నథానియల్ హిగ్గిన్సన్ మొదటి మేయరయ్యెను. ఇంగ్లండు వెలుపల ఆంగ్లేయుల పట్టణపు మేయరుగిరి మన తీరమున ఇట్లు కాలు మోపెను.

పండ్రెండుగురు ఆల్డర్మనులలో చిన్న వెంకటాద్రి, ముద్దు వీరన్న, అలంగాత పిళ్లై అను పేరులను పోలిన దేశీయ పెద్దలు మువ్వురుండిరి (ఆంగ్లేయుల వ్రాతలో ఆ పేరులు చాల వంకరపోయినవి, కావున సరియైన ఉచ్చారణను ఊహింపవలసియే యున్నది). చిన్న వెంకటాద్రి బేరి తిమ్మన్న తమ్ముడు. పోర్చుగీసువారును, యూదు వర్తకులును ఆ సభలో కూర్చుండిరి. అందరికి ఎఱ్ఱని అంగీలు, మేయరు ముందు వెండిదండములు. గొడుగులు పట్టించుకొనుటకు సైతము అధికారపత్రములో అనుమతి యున్నది. లండను మేయరునకు ఎఱ్ఱ అంగీ సరిపోవచ్చును గాని మన దేశమున గొడుగు లేనివాడు పెద్దమనిషి కాడని కంపెనీ తెలిసికొనెను. అంగీలు వచ్చినవి, గొడుగులు వచ్చినవి. పన్ను మాత్రము అనుకొన్నంత రాలేదు. నారిచ్‌లో పరదేశులకు ఆల్డర్మను పీఠము కలలో సైతము దక్కలేదు. చెన్నపట్టణములో దేశీయులకు పీఠము దక్కినది. కాని పీఠమెక్కినవారు వర్తకులు. మగ్గమునొద్ద కూర్చుండినవాడు ఆ సభలో లేడు.

మగ్గమువాని చేతిలో నున్న ఆయుధము ఒక్కటే: లేచిపోవుట. 1680లో అద్దకపువారు మొదలగువారు కోటతో తగవుపడి శాంతోము చేరుకొనిరి. అది మూడు మైళ్ల దూరముననే యున్నది. కాని కంపెనీ పాలన అక్కడ సాగదు. పనివారు లేక బట్ట లేదు, బట్ట లేక ఓడ కదలదు. కోటను ముట్టడించుటకు ఫిరంగులు అక్కరలేదని వారు ఎఱుగుదురు.

ఈ ఆయుధమును మనవారు మనవారిపై సైతము త్రిప్పుకొనిరి. అప్పటి దక్షిణదేశమున కులములు కుడిచేతివారు, ఎడమచేతివారు అని రెండు కట్టులుగా విడిపోయి యుండెను. చెన్నపట్టణమున కోమట్లు మొదలగువారు కుడికట్టు; బేరిచెట్లు, కంసాలులు మొదలగువారు ఎడమకట్టు. ఎవరి పెండ్లి ఊరేగింపు ఏ వీథిలో పోవలెను, ఎవరు ఏ బిరుదములు ఎత్తించుకొనవచ్చును అను వాదముపై తలలు పగిలెను. 1652లో ఒక పెద్ద పోరు. మరల 1707లో గవర్నరు టామస్ పిట్ కాలమున మరియొకటి. ఆ రెండవమారు కోటవారు వీథులను పంచి, హద్దురాళ్లు నాటించిరి. ఆ రాళ్లపై ఎవరో కాగితములు అంటించిరి. కుడికట్టువారు అనేకులు కుటుంబములతో శాంతోమునకు లేచిపోయిరి. పడవలు నడచుటయు, బట్టలు ఉతుకుటయు నిలిచి ఊరు స్తంభించినది. చివరకు రాజీ కుదిరి, పెద్దనాయకనపేట కుడికట్టునకు, ముత్యాలపేట ఎడమకట్టునకు అని ఏర్పడెను. ఇరుకట్టులలోను తెలుగువారును ఉండిరి, తమిళులును ఉండిరి. అనగా ఆ పోరు భాషల పోరు కాదు. వేరు భాష మాట్లాడువాడు ప్రక్కింట నుండగా లేని పేచీ, తన భాషయే మాట్లాడువాని పెండ్లిపల్లకి తన వీథిలో రాగా పుట్టినది. రాజీ కుదుర్చుటలో మధ్యవర్తియైన కోట క్రమముగా తీర్పరి యయ్యెను. 1686లో ఒక్కటిగా అంగళ్లు మూసినవారు 1707లో ఒకరిపై ఒకరు ఫిర్యాదులు పట్టుకొని అదే గవర్నరు గుమ్మమున నిలిచిరి. మా దృష్టికి చెన్నపట్టణ చరిత్రలో ఇంతకన్న విచారకరమైన ఘట్టము లేదు.

ఆ పాత నల్లవారి పట్టణము నేడు లేదు. 1746లో ఫ్రెంచివారు చెన్నపట్టణమును పట్టుకొనిరి. 1749లో తిరిగి ఇచ్చిరి. కోట చుట్టును శత్రువునకు మరుగు లేకుండ బయలు ఉండవలెనని 1750 తరువాత ఇండ్లతో పాటు చెన్నకేశవుని గుడిని సైతము పడగొట్టిరి. గుడిని పిదప పూలబజారు ప్రాంతమున మరల కట్టిరి. ఊరు ఉత్తరమునకు జరిగెను. దానికి 1906లో జార్జిటౌను అని పేరు పెట్టిరి. బయలునకు హద్దుగా 1773లో నాటిన ఆరు స్తంభములలో ఒకటి ప్యారీ మూల దగ్గర నేటికిని నిలిచియున్నది.

మన బారామహలు ప్రాంతము 1792లో కంపెనీ వశమైన పిదప ఇక్కడి లెక్కలును చెన్నపట్టణపు కోటకే పోయెను. కాని ఊత్తంగరై నుండి ఆ పట్టణము రెండు వందల కిలోమీటర్లకు మించిన దూరము. ఎప్పుడైన అక్కడికి పోవు విద్యార్థులు కూవము ఒడ్డున నున్న చింతాద్రిపేటను చూడవలెనని మా కోరిక. 1734లో బట్టకు మరల కొరత వచ్చినప్పుడు, గవర్నరు జార్జి మోర్టన్ పిట్ కాలమున, సుంకు రామయను తెలుగు వర్తకుని తోట యుండిన చోట ఈ పేటను వేసిరి. నూలు వడకువారు, నేతవారు, అద్దకపువారు, చాకళ్లు, గుడి పరిచారకులు తప్ప ఇతరులు అక్కడ కాపురముండరాదని నియమము. ఆదియప్ప నారాయణ చెట్టి అను దుబాసీ గుడి కట్టించెను. మగ్గము కొరకు మరల ఒకమారు తలుపు తెరచిరన్న మాట. 'చిన్న తఱి పేట' యనుటయే చింతాద్రిపేట యయ్యెనని పెద్దలందురు. తఱి యనగా ఏమో మన యూరి పిల్లలకు మేము చెప్ప నక్కరలేదు. ఇంటిలో మగ్గమనుదురు, అంగడిలో తఱి యనుదురు.